డ్రైవరు పక్కన

దేవక్క కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంగదు. రాట్నం తిప్పేటప్పుడు మోచేతిని డొక్కకు ఆనించుకొని, భుజం మొత్తాన్నీ ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. ఎడమచేతి వేళ్ల సందుల్లోంచి నూలు జారి కండెకు చుట్టుకుంటుంది. చేతులు బాగున్నవాళ్లు మూడు కండెలు నింపేలోపు ఆమె ఒకటి నింపుతుంది. మగ్గం కృష్ణప్ప మాత్రం ఏమీ అనడు. "దారం తెగకుంటే సాలమ్మా, నిదానంగానే కానీ," అంటాడు. రెండేండ్ల కిందటి దాకా అది పత్తి తీసే చెయ్యి. చేనులో దిగితే అందరికన్నా ముందు సాలు చివరకు చేరేది దేవక్కే.

మంగళవారం పొద్దున ఆమె పనిలో ఉండగా మరియమ్మ వచ్చింది. ఆమె వెనక, సంకలో ఫైలు పెట్టుకొని రామకృష్ణ ఉన్నాడు. ఆదోనిలో మరియమ్మ కేసు చూస్తున్న వకీలు దగ్గర గుమాస్తా అతను.

"బేస్తవారం నువ్వు కోర్టుకు రావల్ల దేవక్కా," అంది మరియమ్మ, వాకిట్లోనే నిలబడి. "గంగమ్మోళ్లు గుంటూరు పక్క మిరపకాయలకు పోయినారు. లింగమ్మ బెంగళూరులో ఉండాది. ఉన్నోళ్లు కోర్టంటే గడప దిగమంటాండారు. నువ్వొక్కదానివే."

దేవక్క చక్రం ఆపి, తెగకుండా దారాన్ని మేకుకు చుట్టింది. ఈ మాట ఏదో ఒకరోజు వస్తుందని ఆమెకు తెలుసు. మరియమ్మ కూతురు స్వప్న చనిపోయి రెండేండ్లు దాటింది. పత్తి చేలకు కూలోళ్లను తీసుకుపోయే మారుతి ఆటో, ఆదోని రోడ్డులో ముందు పోతున్న పత్తి ట్రాక్టరును తప్పించబోయి ఎడమకు దొర్లింది. అందరికీ దెబ్బలు తగిలాయి. ప్రాణం పోయింది స్వప్న ఒక్కదానికే. అప్పటికి ఆమె బిడ్డ అరుణకు నాలుగేండ్లు. బళ్లారికి పనికి పోయిన మొగుడు అక్కడే ఇంకో పెండ్లి చేసుకున్నాడు. బిడ్డను అవ్వే సాకుతోంది. ఆటో బీమా కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలని ఆ బిడ్డ పేరు మీద వేసిన కేసు ఇది.

రామకృష్ణ గట్టు మీద కూర్చుని కాగితాలు బయటికి తీశాడు. "ఇది నువ్వు ఇచ్చే వాంగ్మూలమమ్మా. సదువుతా, ఇను. ఆ రోజు ఆటోలో వెనక సీట్లో ముగ్గురు ఉండిరి. స్వప్న నడిమిట్ల, నువ్వు ఒకపక్క, గంగమ్మ ఒకపక్క. డ్రైవరు సీట్లో డ్రైవరు తప్ప ఎవరూ లేరు."

"పదకొండు మందిమి ఉంటిమి కదప్పా," అంది దేవక్క.

"ఉండచ్చు. ఆ బండికి పర్మిట్టు ముగ్గురికే. ఇంకోటి ఇను. డ్రైవరు సీటు డ్రైవరు ఒక్కడికే. వాని పక్కన ఇరుక్కోని కూసున్నోళ్లకు బీమా వర్తించదని కంపెనీవాళ్ల వాదన. సచ్చిపోయిన పాప ముందర కూసున్యాదని వాళ్లు రాసినారు గానీ, రుజువు లేదు. సూసినోళ్లు ఎవరన్నా వచ్చి వెనక కూసున్యాదని సెప్తే కేసు నిలబడతాది. లేకుంటే పోతాది. అంతే."

మరియమ్మ దేవక్క మొహంలోకే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. దేవక్కే తల దించుకుంది.

"చేతికి కట్టు కట్టిన ఆస్పత్రి చీటీ ఉండాదా?" అన్నాడు రామకృష్ణ.

"యాడనో పోయింది."

"సరేలే. ఈడ సంతకం పెట్టు."

దేవక్క పెన్ను పట్టుకుంది. వేళ్లు కదులుతాయి గానీ మణికట్టు తోడు రాదు. చెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో కాగితాన్ని కొంచెం కొంచెం జరుపుతూ పేరులో ఒక్కో అక్షరం రాసింది. అది పూర్తయ్యే దాకా మరియమ్మ కాగితం మీదికి వంగి చూసింది.

బుధవారం సాయంత్రం దేవక్క పొయ్యి ముందు రొట్టె కొడుతుంటే మారుతి వచ్చాడు. అతని ఇల్లు ఆ కాలనీలోనే, నాలుగిండ్ల అవతల. వయసు ముప్పై దాటలేదు గానీ ఈ రెండేండ్లలో చెంపలు లోపలికి పోయాయి. బాగు చేయించుకున్న ఆ ఆటోనే ఇప్పటికీ నడుపుతున్నాడు. చేలకు మాత్రం పోడు. ఊళ్లో బస్టాండు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బస్టాండుకు తిరుగుతాడు.

"రేపు కోర్టుకు పోతాండావంట కదక్కా."

"ఊ."

"రామకృష్ణ సెప్పినట్ల సెప్పు. అట్లయితే అరుణకూ నాయం జరుగుతాది, నేనూ బతుకుతా. బీమావాళ్లు తప్పుకున్యారంటే కోర్టు నా మింద ఏస్తాది. నాకు ఉన్నవి ఆ ఇల్లు, ఈ బండి." నేలకేసి చూశాడు. "ఆ పొద్దు ఆస్పత్రి కాడ అడిగితే కాదనలేదు నువ్వు. అది నేను మర్సిపోలేదు."

దేవక్క రొట్టెను పెనం మీద వేసింది. ఆ రోజు ఆదోని ఆస్పత్రి వరండాలో విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నప్పుడు, ఒళ్లంతా రక్తంతో ఇదే మారుతి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఇంతమందిని ఎక్కించుకున్నానని తెలిస్తే లైసెన్సు పోతుంది, మిద్దె మీంచి పడినానని రాయించక్కా అన్నాడు. డాక్టరు అడిగితే ఆమె అట్లనే చెప్పింది. రోజూ కలిసి పోయేవాడు, చుట్టం కాకున్నా చుట్టం కంటే ఎక్కువ. అప్పటికింకా స్వప్న పోయిందని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మారుతి వెళ్లిపోయాక రొట్టె మాడిన వాసన వచ్చింది. తీసి పక్కన పెట్టింది. రెండు అబద్ధాలూ ఒకరి మేలు కోసమే. మొదటిది మారుతికి, ఇప్పుడు చెప్పబోయేది తల్లి లేని బిడ్డకు. అట్లని మనసుకు చెప్పుకుంటే కొంచెం నిమ్మళంగా ఉంది. కానీ ఈ రెండో అబద్ధంలో తనకూ మేలు ఉంది. స్వప్న వెనక సీట్లో కూర్చుందని కోర్టు రాసుకుంటే, ముందుకు ఎవరి బదులు పోయి కూర్చుందో ఇక ఎవరూ అడగరు. ఆ సంగతి తలుచుకోగానే నిమ్మళం పోయింది.

బేస్తవారం వాళ్లిద్దరూ బస్సులో ఆదోనికి పోయారు. కూతురు పోయినప్పటి నుంచి మరియమ్మ ఆటో ఎక్కదు. ఎంత దూరమైనా నడుస్తుంది, లేకుంటే బస్సు కోసం నిలబడుతుంది. కిటికీ పక్క చోటు దేవక్కకు ఇచ్చింది. దారిలో ఒక మలుపు దగ్గర మాత్రం కళ్లు మూసుకొని, మెడలోని సిలువను పిడికిట్లో పట్టుకుంది. బస్సు ఆ చోటు దాటాక గానీ పిడికిలి విప్పలేదు.

బంట్రోతు దేవక్క పేరును మూడుసార్లు పిలిచాడు. బోనులో నిలబడి, దేవుని ఎదుట అంతా నిజమే చెప్తానని వాళ్లు అనిపించినట్టు అంది. జడ్జి ఆడమనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకొని ఏదో చదువుకుంటోంది. మరియమ్మ వెనక బెంచీలో కూర్చుంది. వాకిలి దగ్గర మారుతి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

బీమా కంపెనీ వకీలు లేచాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. గొంతు పెంచి అరుస్తాడనుకున్న దేవక్కకు అది కొంచెం ధైర్యమిచ్చింది. స్వప్న ఎక్కడ కూర్చుందని అడుగుతాడు, నడిమిట్ల అని చెప్పాలి. ఆ ఒక్క మాటనే నోట్లో పెట్టుకొని ఉంది.

అతను అది అడగలేదు. "మీ చేతికి దెబ్బ ఎప్పుడు తగిలిందమ్మా?" అన్నాడు.

"ఆ పొద్దే సామీ. ఆటో పడినప్పుడు."

అతను ఒక కాగితాన్ని జడ్జికి ఇచ్చి, నకలును చేతిలో పట్టుకున్నాడు. "ఇది ఆస్పత్రి రికార్డు. అదే తేదీ, మీ పేరే. మిద్దె మీద నుంచి పడితే చెయ్యి విరిగిందని రాసి ఉంది. మీరు చెప్తేనే రాశారు. అవునా?"

దేవక్క నోట్లోని మాట ఎక్కడికో పోయింది. "అవును సామీ."

"ఆ రోజు మీరు ఆ ఆటోలోనే లేరు. ఇంట్లో మిద్దె మీంచి పడ్డారు. ఇప్పుడు పక్కింటివాళ్ల కోసం సాక్ష్యం చెప్పడానికి వచ్చారు."

"లేదు సామీ. ఆటోలోనే ఉంటి."

"మరి ఇది అబద్ధమా?"

జడ్జి కళ్లజోడు కిందికి దించుకుంది. "భయపడకమ్మా. ఏది నిజమో చెప్పు."

దేవక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే వాకిట్లో మారుతి కనబడతాడు. చూడకున్నా కనబడుతూనే ఉన్నాడు. "అది అబద్ధం సామీ. దండిగా మందిమి ఎక్కినామని తెలిస్తే వాని లైసెన్సు పోతాదని అట్ల రాయించినా. నేను ఆటోలో ఉంటి. పడినప్పుడు నా మింద హులిగమ్మ పడె."

"హులిగమ్మ ఎవరు? మీ వాంగ్మూలంలో వెనక ముగ్గురే ఉన్నారు కదా."

మరియమ్మ వకీలు లేచి ఏదో అన్నాడు. జడ్జి చెయ్యి చూపి కూర్చోమంది. టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగి, మళ్లీ కదిలాయి.

"ఎంతమంది ఉన్నారమ్మా ఆటోలో?"

"పదకొండు మందిమి. డ్రైవరు కాకుండా."

"ముగ్గురు పట్టే బండిలో పదకొండు మంది ఎట్లా కూర్చున్నారు? చెప్పండి, వింటాను."

ఆ మాట అతను ఎగతాళిగా అనలేదు. దేవక్కకు అది తెలిసిన సంగతి. ఏండ్ల తరబడి పొద్దున్నే అట్ల ఎక్కి, అట్ల దిగిన సంగతి. వాంగ్మూలాన్ని కంఠతా పట్టాల్సి వచ్చింది గానీ దీనికి ఆ అవసరం లేదు. వెనక సీట్లో నలుగురం, గంగమ్మ, లింగమ్మ, హులిగమ్మ, నేను అంది. వాళ్లకెదురుగా చెక్క మీద ముగ్గురు, వాళ్ల పేర్లు చెప్పింది. సామాన్లు పెట్టే చోట కాళ్లు బయటికి వేసి ఇద్దరు, వాళ్ల పేర్లూ చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

"తొమ్మిది మంది అయ్యారు," అన్నాడు వకీలు. "మిగిలిన ఇద్దరు?"

"డ్రైవరుకు కుడిపక్క ప్రమీల."

"ఎడమపక్క?"

హాల్లో ఫ్యాను కిర్రుమంటోంది. "ఎడమపక్క నేను," అంది దేవక్క.

"ఇప్పుడే కదమ్మా వెనక సీట్లో ఉన్నానన్నారు."

"ఆ పొద్దు వంతు నాదే సామీ. ముందర కూసుంటే సలిగాలి కొడతాదని వంతులు పెట్టుకుంటిమి. ఆ పొద్దు నాది."

"వంతు మీదే. కాదనను. కూర్చున్నది ఎవరు?"

ఆమె రెండు చేతులతో బోను కొయ్యను పట్టుకుంది. కుడిచెయ్యి సరిగా పట్టుకోలేక జారింది. "రెండు దినాల నుంచి నాకు సెవిపోటు. సలిగాలికి తట్టుకోలేనంటి. నేను కూసుంటాలే సిన్నమ్మా, నువ్వు వెనక్కి పో అనె. పోయి కూసున్యాది."

"ఎవరు?"

"స్వప్న."

వకీలు నకలును మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. "ఇంకేమీ అడగను," అని కూర్చున్నాడు. గెలిచినవాడిలా లేడు. నీళ్ల సీసా తీసి తాగాడు, అంతే.

దేవక్క బోను దిగేసరికి బెంచీలో మరియమ్మ లేదు. బయట వరండాలో లేదు. గేటు దగ్గర టీ అంగడి పక్కన రామకృష్ణ ఒక్కడే ఉన్నాడు.

"ఏం పని సేస్తివమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. "ఆస్పత్రి చీటీ సంగతి నాకు ముందే సెప్పింటే నిన్ను పిలుచుకోనే రాకపోదును."

"మరియక్క యాడికి పోయినాది?"

"బస్టాండుకు. నీతో పోనని సెప్పి పోయినాది."

ఎండ నడినెత్తికి వచ్చింది. రోడ్డు దాటబోతుంటే మారుతి ఆటో వచ్చి పక్కన ఆగింది. అతను ముందుకే చూస్తూ, "ఎక్కక్కా," అన్నాడు. దేవక్క నిలబడే ఉంది. "ఎట్లా ఉత్త బండే పోతాండాది. ఎక్కు."

వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. అంత చోటు ఉంటే ఎట్లా కూర్చోవాలో తెలియలేదు. ఒక మూలకు ఒదిగి, కాళ్లు దగ్గరికి తీసుకుంది. మలుపు దగ్గర మారుతి ఆటోను నడకలా నిదానంగా పోనిచ్చాడు.

"నువ్వు అబద్ధం సెప్పలేదులే," అన్నాడు చాలాసేపటికి. "కానీ నాకు మాత్రం అయిపాయె." ఎమ్మిగనూరులో వాళ్ల కాలనీ ముందు ఆపాడు. దిగేటప్పుడు ఆమె చేతికి ఆసరా ఇవ్వడం మాత్రం మరవలేదు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి. మామూలుగా ఆదివారం చర్చి నుంచి వస్తూ మరియమ్మ దేవక్క ఇంటి ముందు ఆగేది. అరుణ లోపలికి పరుగెత్తి నీళ్లు తాగేది. ఇప్పుడు అవ్వామనవరాళ్లు పక్క సందులోంచి చుట్టు తిరిగి పోతున్నారు. ఒకసారి కుళాయి దగ్గర ఎదురుపడితే మరియమ్మ బిందె సగమే నింపుకొని వెళ్లిపోయింది. దేవక్క పోయి మాట్లాడదామని రెండుసార్లు చెప్పులేసుకుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లూ విప్పేసింది.

నాలుగో వారంలో తీర్పు వచ్చింది. ఆ కబురు రామకృష్ణే కృష్ణప్ప ఇంటికి వచ్చి చెప్పాడు. డ్రైవరు పక్కన కూర్చోబెట్టడం, ఇంతమందిని ఎక్కించడం షరతులకు విరుద్ధమే అని జడ్జి రాసింది. అయినా చిన్నబిడ్డను ఓనరు చుట్టూ తిప్పడం న్యాయం కాదంది. ముందు కంపెనీవాళ్లే కట్టాలి, ఆ తర్వాత దాన్ని మారుతి దగ్గర వసూలు చేసుకోవాలి. చాలామటుకు అరుణ పేరున బ్యాంకులో ఉంటుంది, పెద్దయ్యాక వస్తుంది.

"నువ్వు లేకుంటే కేసు ఏమయ్యేదో సెప్పలేను," అన్నాడు రామకృష్ణ. "ఆస్పత్రి చీటీ పట్టుకోని నిన్ను అబద్ధాలకోరని తోసేసింటే అంతా పోయేది. నీ మాట నమ్మచ్చని తీర్పులో రాసినాది జడ్జమ్మ."

"మరి ఈ చేతికి?" అని కృష్ణప్పే అడిగాడు ఆమె తరఫున. "ఈమె చేతికి ఏమన్నా వస్తాదా?"

"కేసు ఏసే గడువు దాటిపోయింది కదప్పా," అన్నాడు రామకృష్ణ, ఫైలు సంకలో పెట్టుకుంటూ.

ఆ వారమే మారుతి ఆటో అమ్మేశాడు. నోటీసు రాకముందే ఇంటికి తాళం వేసి, పెండ్లాన్ని పుట్టింట్లో వదిలి, బెంగళూరు బస్సెక్కాడు. పోయే ముందు దేవక్క వాకిట్లో ఒక్క నిమిషం నిలబడి, "వస్తానక్కా," అన్నాడు. ఆమె లేచి వచ్చేసరికి సందు మలుపు తిరుగుతున్నాడు. తాళం వేసిన ఇంటి ముందు అతని పెండ్లం నాటుకున్న కనకాంబరాలు ఉన్నాయి. ఇంక వాటికి నీళ్లు పోసేవాళ్లు లేరు. సాయంత్రం దేవక్క ఒక చెంబెడు పోసి వచ్చింది. అంతకన్నా ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు పొద్దున ఆమె కండె చుడుతుండగా వాకిట్లో నీడ పడింది. మరియమ్మ. లోపలికి వచ్చి, రాట్నానికి అవతల పక్క నేల మీద కూర్చుంది. ఆమె కూర్చునే తీరు చూసి కృష్ణప్ప మగ్గం ఆపి, టీ తాగొస్తానని బయటికి పోయాడు.

"నాకు ముందే ఎరికే," అంది మరియమ్మ. "మట్టి సేసిన దినమే గంగమ్మ సెప్పి ఏడ్సినాది. నీ బదులు పోయి కూసున్యాదని."

దేవక్క చేతిలో దారం తెగింది.

"రెండేండ్లు నీ ఇంటికి వస్తాంటి, పోతాంటి. ఈ పొద్దు సెప్తాదేమో, రేపు సెప్తాదేమో అని సూస్తాంటి. ఆ చోటుకు పిలుచుకోని పోయింది నువ్వు కాదు, అదే పోయినాది. అది అట్లాంటిదే. నాకు తెలీదా? నీ మీద నాకు కోపం లేకుండె." మరియమ్మ తెగిన దారం వైపు చూసింది. "జడ్జికి సెప్పినావు. నాకు సెప్పలేదు."

"ఎట్ల సెప్పల్ల అక్కా," అంది దేవక్క. "నీ మొగం సూస్తే నోరు రాలేదు."

"ఇప్పుడు సెప్పు."

"ఏం సెప్పల్ల?"

"ఇంట్లో నుంచి పోయేటప్పుడు నేను దాని మొగం సూడలేదు. పాప ఏడుస్తాంటే ఎత్తుకోని లోపల ఉంటి. పోయొస్తామ్మా అంటే సరే అంటి, అంతే. ఆటో ఎక్కినాంక అరగంట ఉండాది గదా. ఆ అరగంట నీకాడ ఉండాది. ఏం మాట్లాడినాది?"

దేవక్క తెగిన దారం కొసలు రెండూ పట్టుకొని కూర్చుంది. ముడి వేయలేదు. ఆ అరగంటను ఇన్నాళ్లూ ఒకే చోట నుంచి చూసింది, ఆటో పడే చోట నుంచి. దానికి ముందు ఏమున్నదో ఎవరూ అడగలేదు, తనూ వెనక్కి పోయి చూసుకోలేదు. ఇప్పుడు వెతుక్కుంటుంటే ఒక్కొక్కటే కనబడుతున్నాయి.

"తలకు పచ్చ టవలు సుట్టుకున్యాది," అంది. "గాలికి అది ఎగిరిపోతాంటే పంటితో కరిసి పట్టుకున్యాది. అట్ల పట్టుకోనే మాట్లాడతాంటే మాకు ఒక్క మాటా తెలీలేదు. అందరం నగినాము. అదీ నగె."

"ఊ."

"ఆ పైన ఎనక్కి తిరిగి, సిన్నమ్మా, మధ్యాన్నం నీ ఊరిమిండి పచ్చడి నాకు పెట్టల్ల, మాయమ్మ సేసిన దాంట్లో ఉప్పే లేదు అనె."

మరియమ్మ కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది, మళ్లీ దించింది. "ఎయ్యలేదు," అంది. "పాప ఏడుస్తాంటే మర్సిపోతి."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మరియమ్మ కొంచెం ముందుకు జరిగి, దేవక్క వంగని చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇంకా?" అంది.